శ్రుతిపెట్టెను కొనుటయా, కట్టుటయా?

పాటకు శ్రుతి తల్లి వంటిది, లయ తండ్రి వంటిది యని మన పెద్దలు చెప్పుదురు. పదిమంది కూడి పాడునప్పుడు ఆ తల్లి చేయి విడువరాదు. ఉదయ ప్రార్థనలో నూఱుమంది బాలబాలికలు ఒక్క కీర్తన నెత్తుకొన్నప్పుడు మొదటి చరణమందున్న స్థాయి రెండవ చరణమునకు జారి, మూడవ చరణము నాటికి ఎవరి గొంతు వారిదై పోవుట పాఠశాలలలో అరుదైన విషయము గాదు. దీనికి మందు పిల్లలను గద్దించుట కాదు. నిలుకడగల షడ్జమము నొకదానిని వారి చెవులకు ఎడతెగక వినిపించుటయే. పూర్వము తంబుర చేసిన యీ పనిని నేడు ఎలెక్ట్రానిక్ శ్రుతిపెట్టె చేయుచున్నది.

ఇట్టి పెట్టెను బజారున కొనవలెనా, లేక విద్యార్థులే తమ చేతులతో కట్టవలెనా యను ప్రశ్న గానబృందమును విజ్ఞానశాస్త్ర ప్రదర్శనమును గల ప్రతి పాఠశాలయందును పుట్టుచుండును. పాడు బాలురు కొనుమందురు. తీగెలయందును బ్యాటరీలయందును ఆసక్తిగల బాలురు కట్టెదమందురు. సొమ్ము లెక్కించువారు ఏది చౌకయని యడుగుదురు. ఉత్తరము ధరలో లేదు; ఆ పెట్టె ఎవరి కొఱకు, ఏ పని కొఱకు అను దానిలో నున్నది. దీనిని క్రమముగా విచారింతము.

శ్రుతిపెట్టె పూర్వచరిత్ర

తంబురకు నాలుగు తీగెలు, పెద్ద బుఱ్ఱ, నిలిపి మీటుటకు ఒక మనిషి కావలెను. వేసవియందును వర్షాకాలమందును దాని తీగెలను మరల మరల సరిచేయవలెను. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున పుట్టిన హార్మోనియము మన దేశమునకు వచ్చిన పిమ్మట, చేతితో తిత్తి నూదు శ్రుతిపెట్టెయు వాడుకలోనికి వచ్చెను. మన క్రైస్తవ దేవాలయములలో హార్మోనియము స్థిరపడినది. ఐనను పురుషోత్తమ చౌదరిగారు మొదలగు కవులు రచించిన క్రైస్తవ కీర్తనలు మన రాగములలో కట్టబడినవి గావున, హార్మోనియముతో నొక చిక్కు గలదు.

హార్మోనియమున స్థాయిని 12 సమాన భాగములుగా పంచియుందురు. మన సంగీతమున స్వరములు షడ్జమముతో సరళమైన నిష్పత్తులలో నుండును. పంచమము షడ్జమమునకు 3/2, అంతరగాంధారము 5/4. షడ్జమము సెకనుకు 261.6 కంపనములైనచో శుద్ధమైన అంతరగాంధారము 327 కంపనములు గావలెను. హార్మోనియము మెట్టు 329.6 పలుకును. శిక్షణ పొందిన చెవికి ఈ భేదము స్పష్టముగా తెలియును. ఇట్టి కారణములచేతనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును నిషేధించెను. ఆ నిషేధము 1971లో గాని సడలలేదు. కావున గాయకునికి కావలసినది అన్ని మెట్లుగల వాద్యము గాదు. షడ్జమ పంచమములను మాత్రము తప్పక పలుకుచు, తక్కిన స్వరములను గాయకుని గొంతునకే విడిచిపెట్టు వాద్యము.

అట్టి వాద్యమును విద్యుత్సహాయమున చేసిన కీర్తి బెంగుళూరు నివాసియైన జి. రాజ్‌నారాయణ్ గారిది. ఆయన ఇంజనీరు, వేణుగాన విద్వాంసుడు కూడ. ఆయన స్థాపించిన రాడెల్ సంస్థ పక్షమున 1979లో మొదటి ఎలెక్ట్రానిక్ తంబురను వెలువరించిరి. చేయువాడును వాయించువాడును ఒక్కరే యగుటచేత ఆ పెట్టెకు ఏది కావలెనో, ఏది అక్కఱలేదో ఆయనకు తెలిసినది. ఈ మాటను జ్ఞాపకమందుంచుకొనుడు. మన విచారణకు ఇది పనికివచ్చును.

కట్టు విధము

శబ్దమనగా గాలి కదలిక. స్పీకరు కాగితపు గిన్నె సెకనుకు 261 లేక 262 మాఱులు ముందువెనుకలకు కదలినచో, హార్మోనియముపై సి అను తెల్లమెట్టు స్వరము, అనగా మన గాయకులు ఒకటి శ్రుతి యనునది, వినబడును. కావున మనకు కావలసినది విద్యుత్తును ఆ వేగముతో తెఱచి మూయు సాధనము. దానికి 555 అను చిన్న చిప్పు చాలును. దీనిని హాన్స్ కామెన్‌జిండ్ అను స్విట్జర్లాండు దేశస్థుడు 1971లో రూపొందించెను. అమెరికాలోని సిగ్నెటిక్స్ సంస్థ 1972లో విపణికి తెచ్చెను. అర్ధశతాబ్దము గడచినను అది నేటికిని పాఠశాలల బల్లలపై పనిచేయుచున్నది.

దాని పని తొట్టి నిండి ఖాళీయగుట వంటిది. కెపాసిటరు అను తొట్టిలోనికి రెసిస్టరు అను సన్నని గొట్టము ద్వారా విద్యుత్తు చేరును. బ్యాటరీ పీడనములో మూడింట రెండువంతులు నిండగానే చిప్పు ఆ తొట్టిని తెఱచి ఖాళీ చేయనారంభించును. మూడింట ఒకవంతునకు దిగగానే మరల నింపుట కారంభించును. ఈ నిండుట తగ్గుటలే కంపనములు. రెండు హద్దులును బ్యాటరీ పీడనములో భాగములే గావున బ్యాటరీ కొంత నీరసించినను శ్రుతి అంతగా మాఱదు. ధ్వని మాత్రము తగ్గును.

కూర్చు విధము సులభము. చిప్పునకు 8 కాళ్లు గలవు. 1వ కాలు బ్యాటరీ ఋణధ్రువమునకు, 8వ కాలును 4వ కాలును ధనధ్రువమునకు కలుపవలెను. 8, 7 కాళ్ల నడుమ 1,000 ఓముల రెసిస్టరు; 7, 6 కాళ్ల నడుమ 27,000 ఓముల రెసిస్టరు; 6వ కాలునుండి ఋణధ్రువమునకు 0.1 మైక్రోఫారడు కెపాసిటరు. 2, 6 కాళ్లను ఒకటిగా కలుపవలెను. 3వ కాలునుండి 10 మైక్రోఫారడుల కెపాసిటరు, 100 ఓముల రెసిస్టరు ద్వారా 8 ఓముల చిన్న స్పీకరునకు తీగె తీయవలెను. బ్యాటరీ 9 వోల్టులది. మొదటి రెసిస్టరునకు రెండవదాని రెట్టింపు కలిపి, ఆ మొత్తమును కెపాసిటరుతో గుణించి, వచ్చిన దానితో 1.44ను భాగించినచో సెకనుకు ఎన్ని కంపనములో తెలియును. ఇచ్చట 55,000 ఓములను 0.1 మైక్రోఫారడుతో గుణించి భాగింపగా 261.8 వచ్చును. ఒకటి శ్రుతి సిద్ధమైనది!

సిద్ధమైనది కాగితముపై మాత్రమే. చిక్కు ఇచ్చటనే యారంభమగును. బజారులో దొరకు సామాన్య రెసిస్టరు చెప్పిన విలువకు నూటికి 5 వంతులు అటునిటు ఉండవచ్చును. కెపాసిటరు నూటికి 10 వంతులు. సంగీతమున అరస్వరమనగా సుమారు నూటికి 6 వంతుల భేదము. రెసిస్టరు 5 వంతులు హెచ్చై, కెపాసిటరు 10 వంతులు హెచ్చైనచో కంపనములు 227 మాత్రమే యగును. అనగా షడ్జమమునకై కట్టిన పెట్టె మంద్రస్థాయి కైశికినిషాదమును దాటి చతుశ్శ్రుతి ధైవతమువైపు దిగిపోవును. కట్టినవాని తప్పేమియు లేకయే యిట్లు జరుగవచ్చును. దీనికి ఉపాయము, 27,000 ఓములకు బదులు 22,000 ఓముల రెసిస్టరును, దానితో వరుసగా 10,000 ఓముల త్రిప్పుడు రెసిస్టరును పెట్టుట. అప్పుడు బిరడా త్రిప్పినట్లు త్రిప్పి శ్రుతి కుదుర్చుకొనవచ్చును. పంచమము కావలసినచో మఱియొక 555 చిప్పునకు 15,000 ఓములును, 10,000 ఓముల త్రిప్పుడు రెసిస్టరును ఇదే కెపాసిటరుతో కూర్చి, రెండు స్వరములును ఒక్కటిగా కలిసిపోవునంతవఱకు త్రిప్పవలెను.

రెండవ చిక్కు వేడిమి. ఉదయము కుదిర్చిన శ్రుతి మన హైదరాబాదు వేసవి మధ్యాహ్నమున అట్లే నిలువదు. బిళ్లవంటి చౌక సిరామిక్ కెపాసిటరు వేడిమికి ఎక్కువగా మాఱును. పాలియెస్టరు పొర కెపాసిటరు తక్కువగా మాఱును. నూటికి ఒక్క వంతు మాఱినను సెకనుకు రెండు మూడు కంపనముల భేదము వచ్చి, సరియైన వాద్యముతో కలిపినప్పుడు ధ్వని సెకనుకు రెండు మూడు మాఱులు ఊగిసలాడును. మూడవ చిక్కు ధ్వనిగుణము. ఈ చిప్పు పలుకు స్వరము తెఱచుట మూయుటల స్వరము గావున కొంత కరకుగా నుండును. తంబుర తీగెలోని జీవము దానిలో రాదు.

ఖర్చు లెక్క

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి తన యొద్ద చాలినంత గలదో లేదో లెక్కచూచుకొనవలెనని సువార్తలోని యుపమానము బోధించుచున్నది. ఇచ్చటను ఆ లెక్క చూతము.

పాతనగరపు బాలునకు సామగ్రి దూరము కాదు. చార్మినారునుండి పత్తర్‌గట్టి, మదీనాల మీదుగా నయాపూలు దాటి, అఫ్జల్‌గంజునుండి కోఠికి పోయినచో గుజరాతీ గల్లీలో ఎలెక్ట్రానిక్ భాగముల దుకాణములు వరుసగా నుండును. 555 చిప్పు, రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నియు చేరి చిన్న మొత్తమే. దీనిని చూచియే బాలురు వేల రూపాయల పెట్టెను కొననేల యని యడుగుదురు. కాని చిప్పు పాడదు, పెట్టె పాడవలెను. సోల్డరింగ్ ఐరన్, సీసము, కొలుచుటకు మల్టీమీటరు, స్పీకరు, స్విచ్చి, బ్యాటరీ, పైపెట్టె, ధ్వని హాలంతయు వినబడుటకు యాంప్లిఫయరు, మొదటి ప్రయత్నమున కాలిపోవు భాగముల స్థానమున మఱికొన్ని, వీనినన్నిటిని కూడినచో మొదటిసారి కట్టువాని ఖర్చు అనుకొన్న దానికి ఎన్నో రెట్లు పెరుగును. స్పీకరును పాత రేడియోనుండి తీసికొనవచ్చును. పురానాపూలు దాపున గురువారము జరుగు జుమ్మేరాత్ బజారు వంటి చోట్ల అట్టి పాతవస్తువులు దొరకును. ఐనను సొమ్ము మిగుల్చుటకై కట్టబూనుట సరియైన కారణము గాదు. సొమ్మే ముఖ్యమైనచో కొనుటయే మేలు. నేర్చుటకై కట్టినచో మాత్రము ఖర్చైన ప్రతి రూపాయియు ఫలించును. ఐరన్, మల్టీమీటరు పెట్టెతో తీఱిపోవునవి గావు. రాబోవు తరగతులకు గూడ నిలుచును.

ఒక హెచ్చరిక. విద్యార్థులు కట్టు పెట్టె బ్యాటరీతోనే నడువవలెను. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల విద్యుత్తు ప్రాణాపాయకరము. దానితో నడుచు ఏ వాద్యమును పెద్దలు లేనిచోట విప్పరాదు. మాటువేయునప్పుడు కిటికీలు తెఱచియుంచి, పని ముగిసినపిమ్మట చేతులు కడుగుకొనవలెను.

కొనునప్పుడు చూడవలసినవి

కొనుట యనగా దుకాణములో మెఱయు దానిని చూపించి సొమ్ము చెల్లించుట కాదు. కొనువానికిని విద్య కావలెను.

మొదటిది, శ్రుతి ఎంతవఱకు మార్చవచ్చునో చూడవలెను. పెద్దమగవారి గొంతునకు ఒకటి శ్రుతి తగియుండగా బాలికలకును చిన్నపిల్లలకును హెచ్చు శ్రుతి కావలెను. మెట్టుమెట్టుగా మాత్రమే గాక సన్నగా సవరించు మీట గూడ నుండవలెను. రెండవది, షడ్జమ పంచమములను కలిపి మ్రోగించి ఊగిసలాట వినబడునేమో చెవి యొగ్గి వినవలెను. పంచమము వర్జ్యమైన రాగములకై మధ్యమము పలుకు ఏర్పాటు గూడ నుండవలెను. మూడవది, అరగంట సేపు మ్రోగనిచ్చి, ఆరంభమందును అంతమందును ట్యూనింగ్ ఫోర్కుతో పోల్చి చూడవలెను. నేటి మంచి పెట్టెలు క్వార్ట్జు స్ఫటికము కంపనములను లెక్కించి స్వరములను పుట్టించును. చేతి గడియారమును నడుపు స్ఫటికము సెకనుకు 32,768 మాఱులు కంపించును. అట్టి లెక్కకు వేడిమిచేత కలుగు భేదము మిక్కిలి స్వల్పము. మన 555 పెట్టె ఇచ్చటనే ఓడిపోవును. నాలుగవది, విద్యుత్తు పోయినప్పుడు బ్యాటరీతో నడుచునా, చెడినప్పుడు మన నగరమందే బాగుచేయువారు గలరా యని విచారింపవలెను. ఐదవది, ఆటవస్తువు వంటి చౌక కీబోర్డును శ్రుతిపెట్టెగా భావించి కొనరాదు. దానిలో నూఱు ధ్వనులుండవచ్చును. మన పిల్లల గొంతునకు సరిపడునట్లు సన్నగా సవరించు వీలు లేనిచో ఆ నూఱును వ్యర్థమే.

నేడు చేతి ఫోనులోనే తంబుర ధ్వని నిచ్చు యాపులు గలవు గదా యని కొందఱందురు. నిజమే, ఇంట ఒంటరిగా సాధనచేయువానికి అది చాలును, ఖర్చును లేదు. కాని ప్రార్థన నడుమ ఫోను మ్రోగినచో భక్తియు శ్రుతియు రెండును చెదరును. పాఠశాలలోనికి ఫోను తేరాదని విద్యార్థులకు చెప్పి, వేదికపై మనమే దానిని పెట్టుట తగదు.

నిర్ణయము

ఇంతవఱకు చెప్పిన దానినిబట్టి కొనుట గొప్పదనియు కట్టుట వృథా యనియు కొందఱు తలంపవచ్చును. అట్లు గాదు. 1920 ప్రాంతమున రష్యాలో లెవ్ తెర్మెన్ అను శాస్త్రజ్ఞుడు చేయి తాకకయే పలుకు విద్యుద్వాద్యము నొకదానిని కనిపెట్టెను. దానికి థెరెమిన్ అని పేరు. 1929లో అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థ దానిని తయారుచేసి అమ్మెను. ఆ దేశముననే రాబర్టు మూగ్ అను బాలుడు 1949లో, తన 14వ యేట, ఒక పత్రికలోని పటమును చూచి అట్టి వాద్యమును తానే కట్టెను. తరువాత 1954 మొదలు థెరెమిన్‌లను చేసి అమ్మెను. 1964లో ఆయన చేసిన సింథసైజరు లోకమునందలి సంగీతము రూపునే మార్చెను. అతడు పిన్నవయసున కట్టిన పెట్టె బజారు పెట్టెకంటె మేలైనదా కాదా యని నేడెవ్వరును అడుగరు. ఆ పెట్టె ఆ బాలుని చేతులను కట్టినది. అదియే దాని ప్రయోజనము.

కావున నేను చెప్పు నియమమిది. ఇతరులు దేనిని విని పాడవలెనో, దానిని కొనవలెను. మనము దేనిని విప్పి నేర్వవలెనో, దానిని కట్టవలెను. గానబృందమున ముప్పదిమంది పిల్లలు ఏడాది పొడుగున తప్పు షడ్జమమును విని పాడినచో ఆ తప్పు వారి చెవులలో నిలిచిపోవును. ఒక విద్యార్థి నేర్చుకొనుటకై ముప్పదిమంది చెవులను పణము పెట్టుట న్యాయము గాదు. అట్లే సమస్తమును కొనితెచ్చి అద్దాల బీరువాలో దాచు పాఠశాలలో, పెట్టె మూగపోయిన దినమున దానిని విప్పి చూచు ధైర్యము ఒక్కరికిని ఉండదు. అదియును నష్టమే.

రెండు పనులును ఒకే యేట చేయవచ్చును. పాఠశాల ప్రార్థనాగానమునకై నమ్మదగిన శ్రుతిపెట్టె నొక్కదానిని కొనవలెను. తొమ్మిదవ తరగతి విద్యార్థులు నలుగురైదుగురు చొప్పున గుంపులై తలకొక 555 చిప్పు గాక గుంపునకొక పెట్టెను కట్టవలెను. కొన్న పెట్టెను ప్రమాణముగా నుంచుకొని తమ పెట్టెల శ్రుతిని ఉదయమొకమాఱు, మధ్యాహ్నమొకమాఱు పోల్చి, ఎంత జారినదో, ఏ కెపాసిటరు ఎక్కువ నిలుకడగా నున్నదో పుస్తకమున వ్రాసికొనవలెను. ఆ పిమ్మట ఆసక్తిగలవారు 2005లో ఇటలీ దేశమున పుట్టిన ఆర్డుయీనో వంటి పలకలతో, లెక్కించి స్వరము పుట్టించు పెట్టెను కట్ట ప్రయత్నింపవచ్చును. ఇట్లు గణితము, భౌతికశాస్త్రము, సంగీతము ఒక్క బల్లవద్ద కూడును. పాడు బాలునకు తన వాద్యము ఎట్లు పలుకునో తెలియును. కట్టు బాలునకు తాను కట్టినది ఎవరి కొఱకో తెలియును. రాజ్‌నారాయణ్ గారియందు ఒక్కరియందే కూడిన ఆ రెండు విద్యలు మన తరగతిలో ఇద్దఱి నడుమ స్నేహముగా కూడును.

ఆదికాండమునందు వాద్యములు వాయించువారికి మూలపురుషుడైన యూబాలును, ఇత్తడి ఇనుప పనిముట్లు చేసిన తూబల్కయీనును ఒక్క తండ్రి బిడ్డలుగా చెప్పబడిరి. వాయించువాడును చేయువాడును అన్నదమ్ములని దీనినుండి మనము గ్రహింపవచ్చును. ఒకడు రెండవవానిని చిన్నచూపు చూడరాదు. రాబోవు సంవత్సరమున మన ప్రార్థనాగానము ఒక్క శ్రుతిలో నిలుచుగాక. దాని ప్రక్క బల్లపై మన విద్యార్థులు కట్టిన పెట్టెలు, కొంచెము తప్పినను, పలుకుచుండుగాక.